ఊరి ఇల్లు, పట్నం ఫ్లాట్: ఇళ్లు మార్చుకున్న రెండు కుటుంబాల కథను టీవీ కామెడీ డ్రామాగా రాయడం ఎలా?

అనంతపురం, కదిరి, హిందూపురం వైపు షార్ట్ ఫిల్ములు తీసే కుర్రాళ్లు తరచూ అడిగే ప్రశ్న ఇది: "పల్లె కుటుంబం పట్నానికి, పట్నం కుటుంబం పల్లెకు వెళ్లే కథ రాస్తున్నాం. మొదటి ఎపిసోడ్ బాగానే నవ్విస్తోంది, మూడో ఎపిసోడ్‌కి సరుకు అయిపోతోంది. ఏం చేయాలి?"

సరుకు అయిపోవడానికి కారణం ఒక్కటే. హాస్యాన్ని మనుషుల యాస నుంచి, అమాయకత్వం నుంచి తీస్తున్నారు. అది రెండు ఎపిసోడ్లకు మించి రాదు. ఇల్లు నడిచే తీరు నుంచి తీస్తే ఎనిమిది ఎపిసోడ్లకు సరిపోతుంది. నీళ్లు ఎప్పుడొస్తాయి, తలుపు ఎవరు తట్టొచ్చు, పొద్దున ఏ పని ఆలస్యమైతే ఏం పాడవుతుంది అన్నవే మన ముడిసరుకు.

ఇక్కడ చెప్పే పద్ధతి ఎనిమిది ఎపిసోడ్ల సీజన్‌కు, ఒక్కో ఎపిసోడ్ సుమారు 22 నిమిషాలు ఉంటుందన్న లెక్కకు సరిపోతుంది. ఉదాహరణకు ఒక పల్లెను మడకశిర వైపు, ఒక ఫ్లాట్‌ను బెంగళూరులో పెట్టుకుందాం. అనంతపురం మనుషులకు హైదరాబాద్ కంటే బెంగళూరే దగ్గర, చదువుకైనా ఆసుపత్రికైనా ఉద్యోగానికైనా.

## 1. ముందు ఇళ్లు రాయండి, తర్వాత మనుషులు

పాత్రల పేర్లు పెట్టకముందే రెండు ఇళ్ల దినచర్య కాగితం మీద పెట్టండి. తెల్లవారుజాము 5 నుంచి రాత్రి 10 వరకు గంట గంటకు ఆ ఇంట్లో ఏం జరుగుతుందో రాయాలి. ఊహించి రాయొద్దు. అలాంటి ఇంట్లో ఒక రోజంతా కూర్చుని, చూసి రాయండి.

పల్లె ఇంటికి చూసుకోవాల్సినవి:

- తాగే నీళ్లు ఎక్కడివి? అనంతపురం వైపు చాలా ఊళ్లలో బోరు నీళ్లలో ఫ్లోరైడ్ ఎక్కువ. తాగడానికి ప్లాంటు నుంచి 20 లీటర్ల క్యాన్ తెచ్చుకుంటారు. ఆ క్యాన్ ఎవరు మోస్తారు?
- తోటకు త్రీఫేజ్ కరెంటు ఏ వేళకు వస్తుంది? మోటారు ఎవరు వేస్తారు? ఆటో స్టార్టర్ ఉందా, లేచి వెళ్లాలా?
- డ్రిప్ ఫిల్టరు ఎన్నాళ్లకోసారి కడగాలి? ఏ వాల్వు తిప్పితే ఏ మడికి నీళ్లు పారతాయి?
- తలుపు తట్టకుండా ఇంట్లోకి వచ్చే హక్కు ఎవరెవరికి ఉంది?
- పాలు, అప్పు, చాడీలు ఏ వైపు నుంచి వస్తాయి?

ఫ్లాటుకు:

- గేటు దగ్గర ఎవర్ని ఆపుతారు? ఫోన్‌లో అనుమతి ఎవరు నొక్కాలి?
- తడి చెత్త, పొడి చెత్త ఏ వేళకు బయట పెట్టాలి?
- నీళ్ల ట్యాంకరు ఎప్పుడొస్తుంది, ఆ రోజు రాకపోతే ఎవరి మీద అరుస్తారు?
- లిఫ్టు ఆగితే ఎన్ని అంతస్తులు ఎక్కాలి?
- బట్టలు ఎక్కడ ఆరేయకూడదు, ఏ వేళ రోట్లో దంచకూడదు?

ఈ జాబితాలో ప్రతి ప్రశ్నా ఒక సీన్. ఇరవై ప్రశ్నలు రాకుండా రెండో అంచెకు వెళ్లకండి.

## 2. ఇల్లు మారడానికి గట్టి కారణం వెతకండి

చాలా స్క్రిప్టులు ఇక్కడే దెబ్బతింటాయి. "పందెం కాసుకున్నారు", "తాతగారు వీలునామాలో రాశారు" అనేవి తేలిక కారణాలు. చూసేవాడు మొదటి ఇబ్బందిలోనే అడుగుతాడు: అంత కష్టమైతే తెల్లారి బస్సెక్కి వెనక్కి రావచ్చు కదా? మడకశిర నుంచి బెంగళూరు మహా అయితే మూడు నాలుగు గంటల దారి. ఈ ప్రశ్నకు జవాబు లేకపోతే సీజన్ నిలబడదు.

కాబట్టి రెండు వైపులా వెనక్కి రాలేని పని పెట్టండి. నేనైతే ఇలా పెడతాను. అన్నదమ్ములు. అన్న ఊళ్లో మల్బరీ తోట పెట్టి పట్టుపురుగులు పెంచుతాడు. తమ్ముడు బెంగళూరులో ఉద్యోగం, ఏడో అంతస్తులో ఫ్లాటు. పెద్దకోడలికి మోకాలి మార్పిడి ఆపరేషన్ తేదీ బెంగళూరులో దొరికింది. తర్వాత కొన్ని వారాలు ఫిజియోథెరపీకి ఆసుపత్రి దగ్గర్లోనే ఉండాలి. అదే సమయానికి పట్టుపురుగుల బ్యాచ్‌కు బయానా ఇచ్చేశారు. పురుగులకు వాయిదా ఉండదు.

ఫ్లాటులో రెండే పడకగదులు, అందరూ పట్టరు. పైగా పురుగుల్ని చూసే మనిషి కావాలి. అన్న, పెద్దకోడలు, వాళ్లతో పాటు అవ్వ ఫ్లాటుకు వెళ్తారు. తమ్ముడు, చిన్నకోడలు, పిల్లలు దసరా సెలవులకు ఊరికి వస్తారు. తమ్ముడు ఇంటి నుంచే పని చేస్తాడు, నెట్‌వర్క్ దొరికితే.

చుట్టరికం పెట్టడంలో ఇంకో లాభం ఉంది. అపరిచితులైతే ఒప్పందం చించేసి వెళ్లిపోతారు. తోడికోడళ్లు అలా వెళ్లలేరు. ఒకరి వంటింట్లో ఒకరు మూడు వారాలు గడిపాక, ఏ డబ్బాలో ఏముందో ఇద్దరికీ తెలిసిపోతుంది. ఎవరి నగల డబ్బా ఖాళీగా ఉందో, ఎవరి బీరువాలో బ్యాంకు నోటీసు ఉందో కూడా. డ్రామా అంతా అక్కడ దొరుకుతుంది.

## 3. గడువు పెట్టండి, దాన్ని పంట చేతికి ఇవ్వండి

నాకు అన్నిటికంటే ఇష్టమైన అంచె ఇది. కాస్త ఓపిగ్గా చదవండి.

కథకు గడియారం కావాలి. పట్టుపురుగుల పెంపకంలో ఆ గడియారం సిద్ధంగా ఉంది. రైతులు సాధారణంగా చాకీ పురుగుల్ని, అంటే రెండో జ్వరం దాటిన చిన్న పురుగుల్ని, చాకీ కేంద్రం నుంచి తెచ్చుకుంటారు. అక్కడి నుంచి గూడు కట్టేవరకు సుమారు 16 నుంచి 18 రోజులు. గూళ్లు విడదీసి మార్కెట్‌కు తీసుకెళ్లడానికి ఇంకో అయిదారు రోజులు. మొత్తం మూడు వారాల పైచిలుకు. సీజన్ పొడవు దానంతటదే తేలింది.

ఆ రోజుల్లో ఏ దశ కథకు ఏమిస్తుందో చూడండి.

జ్వరం. పురుగు కుబుసం విడిచే దశను రైతులు జ్వరం అంటారు. రైతు షెడ్డులో మూడోది, నాలుగోది జరుగుతాయి. దాదాపు ఒక రోజు పాటు పురుగులు తల పైకెత్తి కదలకుండా ఉంటాయి. అప్పుడు ఆకు వేయకూడదు. పడక పొడిగా ఉండటానికి సున్నం చల్లుతారు. కొత్తవాళ్లను ఠారెత్తించే రోజు ఇదే.

అయిదో దశ. నాలుగో జ్వరం దాటాక ఏడెనిమిది రోజులు. మొత్తం పంటలో పురుగు తినే ఆకులో దాదాపు 80 శాతం ఈ రోజుల్లోనే తింటుంది. రాత్రి షెడ్డులో నిలబడితే ఆకు నమిలే చప్పుడు రేకుల మీద చినుకులు పడుతున్నట్టు వినిపిస్తుంది. ఈ శబ్దాన్ని స్క్రిప్టులో రాయండి. మొదటి ఎపిసోడ్‌లో ఆ షెడ్డు నిశ్శబ్దం, ఆరో ఎపిసోడ్‌లో ఆ చప్పుడు. పని ఎంత పెరిగిందో డైలాగు లేకుండా తెలుస్తుంది.

పండే రోజు. పురుగులు పండి గూడు కట్టడానికి సిద్ధమైతే కొన్ని గంటల్లోనే ఏరి చంద్రికల మీదికి, అంటే అవి గూళ్లు అల్లుకునే తట్టల మీదికి, ఎక్కించాలి. ఒక్క ఇంటి మనుషులు చాలరు, ఊరి సాయం కావాలి. అంటే పట్నం కుటుంబం అప్పటికే ఊళ్లో నలుగురిని సంపాదించుకుని ఉండాలి. సంపాదించుకున్నారా లేదా అన్నదే మీ క్లైమాక్స్.

ప్రమాదం. పట్టుపురుగుకు పురుగుమందులు, పొగ, ఘాటు వాసనలు పడవు. దోమల మందు మిషను కూడా వాటికి ముప్పే. షెడ్డు గోడకు ఆనుకున్న గదిలో పిల్లాడికి దోమలు కుడుతున్నాయని చిన్నకోడలు మిషను పెడుతుంది. ఇందులో దురుద్దేశం లేదు, తెలివితక్కువతనం లేదు. తల్లి ఎవరైనా చేసే పనే. అందుకే ఈ సీన్ నవ్వుతో మొదలై కడుపులో చేయి పెట్టి దేవినట్టు ముగుస్తుంది.

కర్నూలు కథైతే ఉల్లి కోత, ఆరబెట్టడం పెట్టుకోవచ్చు. కడప వైపైతే పసుపు ఉడకబెట్టే రోజులు. ధర్మవరమైతే ఇంట్లోనే మగ్గం, పెళ్లి తేదీకి ఇవ్వాల్సిన చీర. ఏదైనా సరే, ఆలస్యమైతే చెడిపోయేదై ఉండాలి.

## 4. పాత్రలు: ఎవరు ఎక్కడ గట్టివాళ్లు?

ప్రతి పాత్రకూ రెండే వాక్యాలు రాసుకోండి. తన ఇంట్లో తను చేయగల పని ఒకటి, రెండో ఇంట్లో చేతకాని పని ఒకటి.

- అన్న: ఆకు వాసన చూసి తేమ చెప్పగలడు. ఫోన్‌లో వచ్చే ఓటీపీ అంటే భయం.
- పెద్దకోడలు: ఊరంతటికీ సలహా చెప్పే మనిషి. ఇప్పుడు నీళ్ల గ్లాసు అందుకోవడానికి కూడా ఇంకొకరు కావాలి.
- తమ్ముడు: ఇరవై మంది టీమును నడుపుతాడు. ఊళ్లో పుట్టినా తోట పని మరిచాడు, మరిచానని ఒప్పుకోడు.
- చిన్నకోడలు: ఏ పనైనా లెక్క రాసుకుని చేస్తుంది. లెక్కకు లొంగని జీవులతో మొదటిసారి పడింది.

అయిదో మనిషి అవ్వ. ఇక్కడ మన ప్రాంతం ఇచ్చే వరం ఒకటుంది. మడకశిర వైపు కన్నడం ఇంటి మాటే. తమ్ముడు బెంగళూరులో ఏళ్ల తరబడి ఉండి ఇంగ్లీషుతో నెట్టుకొస్తున్నాడు. అవ్వ మాత్రం వెళ్లిన పూటే గేటు దగ్గర సెక్యూరిటీతో, పనిమనిషితో, కూరగాయల బండివాడితో కన్నడంలో కలిసిపోతుంది. "పల్లె ముసలమ్మ పట్నంలో తప్పిపోవడం" అనే అరిగిపోయిన సీన్ అవసరమే లేదు. వారం తిరిగేసరికి ఆ అపార్ట్‌మెంట్‌లో అందరికంటే ఎక్కువ మంది తెలిసింది అవ్వకే.

అలాగని ఆమెను దేవతను చేయకండి. ఫోన్‌లో "ఎవరో వచ్చారు, అనుమతించాలా" అని వస్తే, ఇంటికొచ్చిన మనిషిని కాదంటామా అని అందర్నీ రానిస్తుంది. సాయంత్రానికి ఇంట్లో ఇద్దరు సేల్స్‌మెన్లు, పక్క బ్లాకుకు రావాల్సిన ట్యూషన్ మాస్టారు కాఫీ తాగుతుంటారు. అసోసియేషన్ నుంచి నోటీసు వస్తుంది, దాన్ని తమ్ముడు ఊళ్లో ఉండి చదువుకోవాలి.

## 5. ఎనిమిది ఎపిసోడ్ల గీత గీయండి

గోడకు ఒక చార్టు అంటించి, పైన పంట రోజులు, కింద ఆసుపత్రి రోజులు రాయండి. రెండు గీతలూ ఒకే ఎపిసోడ్‌లో పైకి లేవకూడదు. ఊళ్లో గండం ఉన్నప్పుడు ఫ్లాటులో నవ్వు ఉండాలి, ఫ్లాటులో ఏడుపు ఉన్నప్పుడు ఊళ్లో నవ్వు.

1. తాళాలు మార్చుకోవడం. చాకీ పురుగులు ఒక రోజు ముందే వచ్చేస్తాయి. అన్న అప్పటికే ఆసుపత్రిలో, ఫోన్ ఎత్తడు.
2. మొదటి ఆకు కోత. గేటు దగ్గర అన్నను ఆపేస్తారు.
3. మూడో జ్వరం. పెద్దకోడలి ఆపరేషన్.
4. తోడికోడళ్లకు ఒకరి రహస్యం ఒకరికి తెలుస్తుంది. ఇద్దరూ నోరెత్తరు.
5. దోమల మందు. కొంత పంట పోతుంది.
6. ఆకు చాలదు, పక్క తోట నుంచి అప్పు అడగాలి. ఫ్లాటులో లిఫ్టు ఆగిపోతుంది, ఫిజియోథెరపీకి దిగాలి.
7. పండే రోజు.
8. హిందూపురం పట్టుగూళ్ల మార్కెట్. ధర పలకడం, డబ్బు ఎవరిదన్న మాట.

అయిదో ఎపిసోడ్‌లో నష్టం నిజంగా జరగాలి. "అదృష్టవశాత్తూ ఏమీ కాలేదు" అని తప్పించారంటే ఆ తర్వాత ఎవరూ మీ కథను నమ్మరు. అలాగని మొత్తం పోయినా కథ అక్కడే ముగుస్తుంది. కొన్ని తట్టలు పోవాలి, మిగిలినవి దక్కాలి, ఆ విషయం అన్నకు ఎవరు చెప్పాలన్న ప్రశ్న ఆరో ఎపిసోడ్ దాకా నలగాలి.

## 6. సీన్ కట్టడం

ప్రతి సీన్‌కూ ఈ వరస పాటించండి. పని ఏమిటి, దాన్ని కొత్తవాళ్లు ఏమనుకున్నారు, తెలిసినవాళ్లు ఏమన్నారు, దాంతో ఏం మారింది. మూడో ఎపిసోడ్ నుంచి ఒక ముక్క:

> పట్టుపురుగుల షెడ్డు – లోపల – పొద్దున
>
> చిన్నకోడలు మోపెడు మల్బరీ కొమ్మలతో వస్తుంది. పురుగులన్నీ తల పైకెత్తి, కదలకుండా.
>
> చిన్నకోడలు: (పక్క తోట రైతుతో) అన్నా! ఒక్కటీ తినట్లేదు. కదలడం కూడా లేదు.
>
> పక్క తోట రైతు: (వల బయటి నుంచి) జొరానికి కూచున్నాయిలేమ్మా.
>
> చిన్నకోడలు: జ్వరమా? అన్నిటికీనా?
>
> రైతు: అన్నిటికీ ఒకేపారి రావల్ల. కొన్నిటికి వచ్చి కొన్నిటికి రాకుంటేనే తిప్పలు.
>
> చిన్నకోడలు: డాక్టర్ని పిలవాలా?
>
> రైతు: సున్నం సల్లు సాలు. ఆకు మాత్రం ఎయ్యద్దు.
>
> చిన్నకోడలు: ఎంతసేపు?
>
> రైతు: రేపు లేస్తాయి. అవి లేచినాక నీకు నిద్రుండదు, ఇప్పుడే పోయి పండుకో.
>
> ఆమె కొమ్మలు దింపుతుంది. వెళ్లదు. గోడకున్న థర్మామీటరు చూసి, పుస్తకంలో రాసుకుంటుంది.

ఇందులో రైతు ఆమెను ఎగతాళి చేయడు, ఆమె అతన్ని తక్కువగా చూడదు. ఇద్దరూ తమ తమ లెక్కలో సరిగ్గానే ఉన్నారు. నవ్వు ఆ ఇద్దరి లెక్కల మధ్య పుట్టింది. చివరి వాక్యం ఆమె స్వభావాన్ని చెప్పింది. అదే పుస్తకం అయిదో ఎపిసోడ్‌లో ఏ రాత్రి ఏం జరిగిందో బయటపెడుతుంది.

సీన్ అయ్యాక సరిచూసుకోండి:

- డైలాగులు తీసేసినా జరుగుతున్న పని అర్థమవుతోందా?
- ఈ సీన్ వేరే ఊళ్లో, వేరే ఇంట్లో పెట్టినా ఇలాగే ఉంటుందా? ఉంటే తిరిగి రాయాలి.
- ఇందులో వచ్చిన వస్తువు మళ్లీ ఎక్కడైనా పనికొస్తుందా?

## 7. యాస

రాయలసీమ యాస అంతా ఒకటి కాదు. మడకశిర మాటలో కన్నడం కలుస్తుంది, కడప సాగదీత వేరు, కర్నూలు వేరు. "ఏమప్పా" ఒకటి తగిలించి సీమ అనిపించే పని చేయకండి.

ఆ ఊరి మనుషులు నలుగురి మాట, వాళ్ల అనుమతితో, ఫోన్‌లో రికార్డు చేయండి. ఆడవాళ్లు, మగవాళ్లు, ముసలివాళ్లు, పిల్లలు ఉండాలి. క్రియల చివర్లు గమనించండి, "వచ్చినాడు", "రావల్ల", "పోతాండాను" లాంటివి. ఏ పాత్రకు ఏది వాడారో రాసుకుని సీజన్ మొత్తం అదే వాడండి.

తమ్ముడి మాట మాత్రం మారాలి. మొదటి ఎపిసోడ్‌లో పత్రికల తెలుగు, నాలుగో ఎపిసోడ్‌కి కోపంలో ఒక్క సీమ మాట, ఏడో ఎపిసోడ్‌లో తోటలో అరిచేటప్పుడు పూర్తిగా సీమే. ఆ మార్పు గురించి ఏ పాత్రా మాట్లాడకూడదు. చూసేవాళ్లే పట్టుకుంటారు.

సుమోలు, వేటకొడవళ్లు, మీసం తిప్పడాలు వద్దు. మన జిల్లాల్లో మనుషులు బోరు ఎండిపోతుందేమో, ఆడపిల్ల ఫీజు ఎలా కట్టాలో అన్న టెన్షన్‌తో బతుకుతున్నారు. అది తెరమీద చాలా తక్కువ కనిపించింది.

## 8. తరచూ దొర్లే తప్పులు, సవరణలు

పట్నం వాళ్లంతా చేతకానివాళ్లు. చిన్నకోడలి పుస్తకం ఊరికి పనికొచ్చేలా చేయండి. ఆకు లెక్క ముందే వేసి, ఆకు చాలదని రెండు రోజుల ముందు పసిగట్టేది ఆమే కావాలి.

ఫోన్ కాల్‌తో అన్నీ తేలిపోవడం. అన్నకు ఒక్క కాల్ చేస్తే సమస్య పోతుంది. అందుకే భార్య ఆపరేషన్లో ఉన్న మనిషిని కంగారుపెట్టకూడదని వాళ్లే ఒట్టు పెట్టుకోవాలి. సిగ్నల్ లేదనే సాకు ఒక్కసారి మాత్రమే వాడండి.

తిండి సీన్లు మెనూలా మారడం. సంగటి, ఊరిబిండి, ఉగ్గాని, ఓళిగలు అన్నీ ఒకే ఎపిసోడ్‌లో చూపించాలనిపిస్తుంది. ఒక్కటి చాలు. సంగటి కెలకడానికి బలం, లాఘవం రెండూ కావాలి. తమ్ముడు కెలికితే ఉండలు కడుతుంది, పిల్లలు మాట్లాడకుండా తింటారు. ఆ ఒక్క సీన్ చాలు.

ఎనిమిదో ఎపిసోడ్‌లో ఉపన్యాసం. పల్లె గొప్పా పట్నం గొప్పా అని ఎవరూ చెప్పకూడదు. ఆ డైలాగు కొట్టేసి, దాని స్థానంలో డబ్బు పంచుకునే సీన్ పొడిగించండి.

## 9. షూటింగ్‌ను దృష్టిలో పెట్టుకోండి

రెండు ఇళ్లు, ఒక తోట, ఒక ఆసుపత్రి వరండా. అంతకు మించి పెద్ద లొకేషన్లు రాయకండి, మార్కెట్ ఒక్కటి మినహా. ఫ్లాటు సీన్లన్నీ ఒకే విడతలో తీసేలా ఉండాలి.

పురుగుల సీన్లు ఎవరో ఒక రైతు షెడ్డులోనే తీయాల్సి వస్తుంది. ఆ పంట ఆ ఇంటి బతుకు. అందుకే స్క్రిప్టు చివర ఈ పేజీ తప్పకుండా జోడించండి:

- షెడ్డులోకి ఇద్దరు ముగ్గురికి మించి వెళ్లకూడదు. చెప్పులు బయటే. రైతు చెప్పిన మందు నీళ్లలో కాళ్లూ చేతులూ కడుక్కోవాలి.
- సెంటు, సిగరెట్, దోమల క్రీము వాడినవాళ్లు లోపలికి రాకూడదు.
- షెడ్డు వేడి 24–28 డిగ్రీల మధ్య ఉండాలి, కాబట్టి వేడెక్కే లైట్లు వద్దు.
- పట్టుపురుగుల మీద గుడ్లు పెట్టే ఊజీ ఈగ రాకుండా కట్టిన వల తెరిచి ఉంచకూడదు.
- చనిపోయిన పురుగుల షాట్లకు రైతు పారేసినవే వాడాలి.
- పంటకు నష్టం జరిగితే ఎంత ఇస్తారో ముందే కాగితం మీద రాసుకోవాలి.

## 10. పంపే ముందు

స్క్రిప్టు ఫార్మాట్‌లో పేజీకి ఒక నిమిషం అన్నది వాడుక లెక్క. పైలట్, అంటే మొదటి ఎపిసోడ్, 22 నుంచి 26 పేజీల మధ్య ఉండాలి. దాంతో పాటు రెండు వాక్యాల కథాసారం, పాత్రల పేజీ, ఎనిమిది ఎపిసోడ్ల గీత, లొకేషన్ల జాబితా.

"నా ఐడియా కొట్టేస్తారేమో" అని చాలామంది పైలట్ రాయకుండా కూర్చుంటారు. ఇళ్లు మార్చుకోవడం అనే ఆలోచన ఎవరి సొంతమూ కాదు. ఆలోచనకు కాపీరైట్ ఉండదని, దాన్ని చెప్పిన తీరుకే ఉంటుందని సుప్రీంకోర్టు 1978లో ఆర్.జి. ఆనంద్ కేసులోనే చెప్పింది. కాబట్టి మీకు రక్షణ మీరు పూర్తిగా రాసిన పేజీలే. పైలట్ పూర్తయ్యాక కాపీరైట్ ఆఫీసులో సాహిత్య రచనగా ఫారం 14తో దరఖాస్తు చేయండి. రుసుము 500 రూపాయలు. అభ్యంతరాలకు 30 రోజుల గడువు ఉంటుంది, ఆ తర్వాత పరిశీలన మొదలవుతుంది.

పంపేటప్పుడు ప్రతి మెయిల్ తేదీ, పంపిన ఫైలు ఒక ఫోల్డర్‌లో దాచుకోండి. ఈలోగా మీరు మాట రికార్డు చేసిన ఇంటికి వెళ్లి పైలట్ మొత్తం పైకి చదివి వినిపించండి. వాళ్లు ఎక్కడ నవ్వారో పెన్సిలుతో గుర్తు పెట్టండి. "మేం అట్ల చెయ్యం" అన్న ప్రతిచోటా సీన్ తిరిగి రాయండి.